డ్రైసూట్ వాల్వ్ విప్పి కడుక్కోవచ్చు, మరి ఫోన్ సీల్ సంగతేంటి?

ప్రతి ఫోన్ రివ్యూలో ఈ మధ్య ఒక సీన్ తప్పకుండా ఉంటోంది. బకెట్‌లో నీళ్ళు పోయడం, కొత్త ఫోన్‌ని అందులో ముంచడం, అరగంట ఆగి తీసి స్క్రీన్ ఆన్ చేసి చూపించడం. కింద కామెంట్లలో ఫైర్ ఎమోజీలు. స్పెక్ టేబుల్‌లో ఐపీ68 పక్కన ఒక పచ్చ టిక్. నాకు ఈ సీన్ మీద నమ్మకం పోయి చాలా రోజులైంది. పెట్టె విప్పిన రోజున ఫోన్‌లోకి నీళ్ళు వెళ్ళకపోవడం పెద్ద విశేషం కాదు. రెండేళ్ళు జేబులో తిరిగి, నాలుగుసార్లు కింద పడి, ఒకసారి బ్యాటరీ మార్పించుకున్న తర్వాత ఆ సీల్ ఇంకా పనిచేస్తోందా? పనిచేయకపోతే నాకెలా తెలుస్తుంది? తెలిస్తే నేనేం చేయగలను? ఈ మూడు ప్రశ్నలకీ ఇప్పుడున్న ఫోన్లలో దాదాపుగా జవాబు లేదు.

జవాబు ఉన్న వస్తువు ఒకటి మా ఇంట్లో బాల్కనీలో వేలాడుతోంది. ఫోన్ కాదు, స్కూబా డైవింగ్‌కి వేసుకునే డ్రైసూట్. గ్యాడ్జెట్ సైట్‌లో దీని గోలేంటి అనుకోకండి. నీళ్ళు లోపలికి రానివ్వకపోవడమే దీని ఉద్యోగం. అది పాడైతే ఎలా కనుక్కోవాలో, ఎలా బాగుచేసుకోవాలో యజమానికి తెలిసేలా తయారుచేశారు. ఫోన్ డిజైనర్లు దీన్నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉందని నా వాదన.

ముందు డ్రైసూట్ అంటే ఏంటో చెప్పుకుందాం. విశాఖ రుషికొండలో డైవింగ్ చేసినవాళ్ళకి తెలిసింది వెట్‌సూట్. అది ఒంటిని తడపకుండా ఆపదు. ఒంటికి అతుక్కుని, లోపలికి వచ్చిన కొంచెం నీటిని అక్కడే పట్టి ఉంచుతుంది, ఆ నీళ్ళు మన ఒంటి వేడికి వెచ్చబడతాయి. బంగాళాఖాతానికి అది చాలు. నేను ఉద్యోగం చేస్తున్నది స్వీడన్‌లోని గోతెన్‌బర్గ్‌లో. ఇక్కడ పశ్చిమ తీరంలో చలికాలం నీళ్ళ ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్ డిగ్రీల్లో ఉంటుంది. గాలితో పోలిస్తే నీళ్ళు మన ఒంట్లోని వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. అందుకే ఇక్కడ ఒంటిని పూర్తిగా పొడిగా ఉంచే సూట్ కావాలి. మెడకీ, మణికట్లకీ లేటెక్స్ లేదా సిలికాన్ సీల్స్, ఛాతీకో భుజాలకో అడ్డంగా వాటర్‌ప్రూఫ్ జిప్, లోపల ఉన్నిలాంటి మందపాటి బట్టలు. స్వీడన్‌కి ఈ సూట్‌తో పాత బంధమే ఉంది. పొసైడన్ అనే గోతెన్‌బర్గ్ కంపెనీ చేసిన యూనిసూట్ 1960ల నాటిది. ఇప్పటికీ చాలా బ్రాండ్ల సూట్లకి బిగించే వాల్వులు చేసే సై టెక్ కూడా స్వీడన్ కంపెనీయే. ఈ రంగంలో ఇంకో పేరున్నది బ్రిటన్‌కి చెందిన ఏపెక్స్.

ఇప్పుడు అసలు విచిత్రం చూడండి. నీళ్ళు రాకూడదని ఇంత కష్టపడి కుట్టిన సూట్‌కి కావాలని రెండు కన్నాలు పెడతారు. ఒకటి ఛాతీ మీద, సిలిండర్ నుంచి గాలి లోపలికి పంపడానికి. రెండోది ఎడమ చేతికి పైభాగంలో, ఆ గాలి బయటికి వదలడానికి. ఈ రెండోదే ఎగ్జాస్ట్ వాల్వ్. నా సూట్ చూసి మా రూమ్మేట్, విజయవాడ కుర్రాడు, "అంత రేటు పెట్టి కొన్న సూట్‌కి సైకిల్ ట్యూబ్‌కి పెట్టినట్టు వాల్వ్ పెట్టారేంట్రా?" అన్నాడు. సైకిల్ ట్యూబ్ కంటే కుక్కర్ పోలిక ఎక్కువ నప్పుతుంది.

గాలి లోపలికెందుకు, బయటికెందుకు? కిందికి దిగేకొద్దీ నీళ్ళ ఒత్తిడి పెరిగి సూట్‌లో గాలి కుంచించుకుపోతుంది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు, అంటే గాలి సగానికి తగ్గుతుంది. బట్ట ఒంటికి అతుక్కుని మడతలు పడి గిల్లేస్తుంది. అందుకని కాస్త గాలి నింపుకోవాలి. పైకి వచ్చేటప్పుడు దీనికి తిరగబడి జరుగుతుంది. అదే గాలి ఉబ్బుతుంది. దాన్ని వదలకపోతే సూట్ బెలూన్‌లా పొంగి మనిషిని పైకి విసిరేస్తుంది. డైవింగ్‌లో అంత వేగంగా పైకి రావడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ ఆ గాలిని బయటికి పంపుతుంది. ఎడమ మోచేయి కాస్త పైకెత్తితే గాలంతా అక్కడికి చేరి బుడబుడమని బయటికి పోతుంది.

కుక్కర్ మీద వెయిట్ ఉంటుంది కదా. లోపల ఒత్తిడి ఒక స్థాయి దాటితే అది లేచి ఆవిరి వదిలి మళ్ళీ కూర్చుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్‌లో వెయిట్ బదులు స్ప్రింగ్. పైన ఉన్న డయల్ తిప్పితే ఆ స్ప్రింగ్ బిగుతు మారుతుంది. కుడివైపు తిప్పితే బిగుసుకుని గాలి వదలడానికి ఎక్కువ ఒత్తిడి అడుగుతుంది, ఎడమవైపు తిప్పితే తేలిగ్గా వదిలేస్తుంది. కుక్కర్‌కి లేని పని ఇంకొకటి దీనికుంది. గాలి బయటికి పోవాలి, అదే దారిలో నీళ్ళు లోపలికి రాకూడదు. అందుకోసం లోపల పల్చటి సిలికాన్ బిళ్ళ ఒకటి, పుట్టగొడుగు గొడుగులాగా, కన్నాల మీద పరుచుకుని ఉంటుంది. లోపలినుంచి గాలి తోస్తే అంచు లేస్తుంది. బయటినుంచి నీళ్ళు తోస్తే ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఇంజనీరింగ్ పరంగా ఇంత చిన్న ఐడియా ఇంత పెద్ద పని చేయడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. మోటార్ లేదు, సెన్సార్ లేదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అసలే లేదు.

అయితే ఆ బిళ్ళ అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా పని అయిపోయినట్టే. నేను ఈ సూట్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండో డైవ్‌కే ఎడమ చేయి తడి. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని కొత్త వాల్వ్ ఆర్డర్ పెట్టడం. దానికంటే ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడాలి. సూట్ విప్పిన వెంటనే లోపలి బట్టల మీద తడి మచ్చ ఎక్కడ మొదలైందో చూస్తే సగం కథ తెలిసిపోతుంది. భుజం కింద వాల్వ్ ఉన్న చోటే గుండ్రంగా తడిస్తే అనుమానం వాల్వ్ మీదికి వెళ్ళాలి. మణికట్టు దగ్గర మొదలై పైకి పాకితే అది రిస్ట్ సీల్. చేయి బిగించినప్పుడు నరాలు లేచి, సీల్‌కీ చర్మానికీ మధ్య సందు ఏర్పడుతుంది. ఒళ్ళంతా కొంచెం చెమ్మగా ఉంటే అది లీకే కాకపోవచ్చు, చెమట. ఇంకో చిక్కు ఏంటంటే నీళ్ళు కిందికి జారతాయి. వాల్వ్ దగ్గర కారిన నీళ్ళు మోచేతి దగ్గర తేలొచ్చు. అందుకే మచ్చ పై అంచు ఎక్కడుందో చూడాలి, ఎక్కువ తడి ఎక్కడుందో కాదు.

తర్వాత పంక్చర్ షాపు టెక్నిక్. ట్యూబ్‌ని నీళ్ళ టబ్బులో తిప్పుతూ బుడగల కోసం చూస్తారు కదా, ఇక్కడా అంతే. సూట్‌ని టబ్బులో ముంచలేం కాబట్టి సబ్బునీళ్ళు వాడతాం. మణికట్లలో కూల్‌డ్రింక్ సీసాలు, మెడలో సరిపడే బంతి ఇరికించి, జిప్ మూసి, డయల్ పూర్తిగా బిగించి, సూట్‌ని మెల్లగా గాలితో నింపాలి. జిప్ మీద, కుట్ల మీద భారం పడేంతగా ఊదకూడదు, చేత్తో నొక్కితే దిండులా ఉంటే చాలు. స్ప్రే బాటిల్‌తో సబ్బునీళ్ళు కొట్టి చూడాలి. వాల్వ్ చుట్టూ, బట్ట కలిసే చోట బుడగలొస్తే వాల్వ్ బిగుతు తగ్గింది, లేదా కింద ఉన్న వాషర్ పోయింది. వాల్వ్ మధ్యలోంచి బుడగలొస్తే మాత్రం కంగారు పడనక్కర్లేదు, గాలి వదలడం దాని డ్యూటీయే. అక్కడే ఈ టెస్ట్ పరిమితి కూడా ఉంది. ఇది లోపలినుంచి బయటికి చూస్తోంది, మన సమస్య బయటినుంచి లోపలికి.

దానికి ఇంకా తేలికైన పరీక్ష ఉంది. వాల్వ్‌ని సూట్ నుంచి విప్పి, లోపలివైపు నోరు పెట్టి గాలి పీల్చి చూడండి. వాల్వ్ బాగుంటే గాలి రాదు, నాలుక అతుక్కున్నట్టు ఉంటుంది. సన్నగా గాలి వస్తే ఆ సిలికాన్ బిళ్ళ సరిగా కూర్చోవట్లేదని అర్థం. లక్షల ఖరీదు చేసే ల్యాబ్ పరికరం అక్కర్లేదు, నోరు చాలు. పీల్చే ముందు కడుక్కోండి మరి.

విప్పడం కూడా భయపడేంత పని కాదు. వాల్వ్ రెండు ముక్కలుగా బట్టకి అటూ ఇటూ ఉండి, మరలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది. చేతిని లోపలికి పెట్టి వెనక ప్లేట్ కదలకుండా పట్టుకుని, బయటి భాగాన్ని ఎడమవైపు తిప్పితే వచ్చేస్తుంది. తెల్ల తువ్వాలు పరుచుకుని దాని మీద పెట్టుకోండి, వాషర్ ఎటువైపు ఉందో ప్రతి అడుగుకీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కొన్ని మోడల్స్‌లో పైన ఉన్న మూతని యజమాని విప్పడానికి వీల్లేకుండా ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పెళ్ళగించకండి. చాలా లీకులకి అంత లోతుకి వెళ్ళాల్సిన అవసరం రాదు.

గోరువెచ్చని మంచినీళ్ళు, రెండు చుక్కల గిన్నెలు కడిగే లిక్విడ్. అందులో వాల్వ్ వేసి, డయల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ, మధ్యమధ్యలో నొక్కుతూ కడగాలి. ఉప్పునీళ్ళు ఆరిపోయాక మిగిలే ఉప్పు స్ఫటికాలు ఒక్క కడుగుడికి పోవు, కాసేపు నాననివ్వాలి. మిగతా దొంగలెవరంటే ఇసుక, లోపలి బట్టల నూలు పోగులు, సీల్స్ తేలిగ్గా జారడానికి వాడే టాల్కమ్ పౌడర్. ఈ పౌడర్ విషయం నాకు నవ్వొచ్చింది. సీల్‌ని కాపాడడానికి వేసింది వాల్వ్‌ని చెడగొడుతుంది. మెత్తటి టూత్‌బ్రష్ పర్లేదు. దూది మాత్రం వద్దు, తీసేదాని కంటే వదిలే పోగులే ఎక్కువ. పిన్నుతో గీకడం అసలే వద్దు. తర్వాత టార్చ్ పెట్టి బిళ్ళ అంచు చుట్టూ చూడాలి. నా దాంట్లో దొరికింది ఒక్క నూలు పోగు. నీలం రంగు, గోరంత పొడవు. పాత ఓనర్ బట్టలదే అయ్యుండాలి, నా దగ్గర ఉన్నది నల్లది. అది పోయాక మళ్ళీ పీల్చి చూస్తే గాలి రాలేదు. మొత్తం పని ఒక పూట కూడా పట్టలేదు, అందులో ఎక్కువసేపు ఉప్పు నానడానికే.

బిళ్ళ అంచు వంకర పోయినా, చిరిగినా, గట్టిపడినా కడిగి లాభం లేదు, మార్చాలి. కొత్త వాల్వ్ మొత్తం కొన్నా మంచి సూట్ ధరలో అది చిన్న వాటానే. మంచి సూట్ వెయ్యి యూరోల పైమాటే మరి. కడిగింది నీడలో ఆరబెట్టి, వాషర్ మడత పడకుండా, బట్ట ముడతలు లేకుండా చూసుకుని, చేత్తో బిగిస్తే చాలు. పటకారు పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ మరలు అరుగుతాయి. ఇంకొకటి, సిలికాన్ స్ప్రేలు, గ్రీజులు పూయాలని చేతులు దురద పెడతాయి. ఆ జిడ్డు చెత్తని పట్టి ఉంచుతుంది. బట్ట మీద పడితే రేపు అక్కడ ప్యాచ్ వేయడానికి జిగురు అంటుకోదు. వదిలేయండి.

ఇదంతా చదివి ప్రతి వాల్వ్‌నీ ఇంట్లో బాగుచేసేయమని నేను చెప్పట్లేదు. నీళ్ళు కొంచెం లోపలికి రావడం చలి, చిరాకు. గాలి బయటికి పోకపోవడం మాత్రం ప్రమాదం. డయల్ తిరగకపోయినా, నొక్కితే తిరిగి లేవకపోయినా, స్ప్రింగ్ తుప్పు పట్టినా అది సర్వీస్ సెంటర్ పని. బాగుచేసిన వాల్వ్‌ని మొదటిసారి స్విమ్మింగ్ పూల్‌లోనో, నిలబడగలిగే లోతులోనో, పక్కన ఇంకో డైవర్ ఉండగా పరీక్షించాలి. డ్రైసూట్ శిక్షణ లేనివాళ్ళు అసలు దీని జోలికే పోకూడదు. ఇది యూట్యూబ్ చూసి మదర్‌బోర్డ్ మార్చడం లాంటిది కాదు. అక్కడ తప్పు జరిగితే పోయేది డబ్బులు.

సూట్ కంపెనీలన్నీ దేవుళ్ళని కూడా అనుకోవద్దు. జిప్ పోయిందంటే వర్క్‌షాప్‌కి పంపాల్సిందే, బిల్లు గట్టిగానే ఉంటుంది. మెడ సీల్ జిగురుతో అతికించిన సూట్లు ఇంకా అమ్ముతున్నారు. అయితే అక్కడ కూడా దారి ఏ వైపు వెళ్తోందో చూడండి. రింగ్‌లో పెట్టి చేత్తోనే మార్చుకునే సీల్స్ వచ్చాయి. ట్రిప్ మధ్యలో చిరిగితే అక్కడే పడవ మీద కొత్తది పెట్టుకోవచ్చు. అంటే వాటర్‌ప్రూఫ్ చేయాల్సిన ప్రతి జాయింట్‌నీ వాళ్ళు మెల్లగా విప్పగలిగే జాయింట్‌గా మారుస్తూ వస్తున్నారు. ఫోన్లేమో ఇదే కాలంలో దీనికి తిరగబడిన దారిలో వెళ్ళాయి.

ఇప్పుడు ఫోన్‌కి వద్దాం. ఐపీ కోడ్ అనేది ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణంలోది. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్ళకి. 7 అంటే 1 మీటర్ లోతులో 30 నిమిషాలు. 8 అంటే అంతకంటే కఠినంగా, ఎంతన్నది కంపెనీయే చెప్పుకోవచ్చు. అందుకే ఐఫోన్ 12 నుంచి యాపిల్ 6 మీటర్లు అంటే, శాంసంగ్ గెలాక్సీల మీద 1.5 మీటర్లు అని రాస్తారు. రెండూ ఐపీ68నే. టేబుల్‌లో మనం మాత్రం రెండింటికీ ఒకే టిక్ పెడతాం. పైగా ఈ పరీక్ష కదలని మంచినీళ్ళలో, కొత్త పీస్ మీద. సముద్రం, క్లోరిన్ కలిపిన పూల్, సబ్బునీళ్ళు అందులో లేవు. నీటి రక్షణ శాశ్వతం కాదని, వాడకంతో తగ్గొచ్చని, నీళ్ళ వల్ల పాడైతే వారంటీ వర్తించదని కంపెనీలే చిన్న అక్షరాల్లో రాస్తాయి.

ఈ పెద్ద అక్షరాలకీ చిన్న అక్షరాలకీ మధ్య ఉన్న దూరానికి జరిమానాలు కూడా పడ్డాయి. 2020 నవంబర్‌లో ఇటలీ కాంపిటీషన్ అథారిటీ యాపిల్‌కి 1 కోటి యూరోల జరిమానా వేసింది. ల్యాబ్ పరిస్థితుల్లోనే ఆ లోతులు నిజమని ప్రకటనల్లో స్పష్టంగా చెప్పలేదని, ఇంకోవైపు వారంటీలో నీళ్ళని మినహాయించారని అభ్యంతరం. 2022 జూన్‌లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు శాంసంగ్ ఆస్ట్రేలియాకి 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు వేసింది. పూల్‌లో, సముద్రంలో వాడుకోవచ్చన్నట్టు ప్రకటనలిచ్చారు, కానీ అలా తడిసిన ఫోన్‌ని తడి ఆరకముందే ఛార్జింగ్ పెడితే పోర్ట్ తుప్పు పట్టే అవకాశం ఉంది. కంపెనీ కూడా ఆ సంగతి ఒప్పుకుంది.

నాకు వీటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇంకొకటి. ఫోన్ లోపల ఒక స్టిక్కర్ ఉంటుంది. నీళ్ళు తగిలితే తెల్లది ఎర్రగా మారుతుంది. సీల్ పోయిన సంగతి చెప్పడానికి ఫోన్‌లో ఉన్న ఏకైక సూచిక అదే, అది కూడా ఫోన్ మునిగి చచ్చాక, యజమానికి కాదు, వారంటీ కౌంటర్లో కూర్చున్నవాళ్ళకి. డ్రైసూట్ తడి మచ్చ నాకు చెప్తుంది, నన్ను బాగుచేసుకోమని. ఈ స్టిక్కర్ కంపెనీకి చెప్తుంది, ఇతనికి డబ్బులు ఇవ్వక్కర్లేదని.

సరే, ఫోన్ వేరు సూట్ వేరు, ఎనిమిది మిల్లీమీటర్ల మందంలో మరలు, వాషర్లు ఎక్కడ పెడతారు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జిగురు వల్లే ఇంత సన్నగా వస్తున్నాయన్నది నిజం. కానీ 2014లో వచ్చిన గెలాక్సీ ఎస్5 వెనక మూతని గోరుతో తీసి బ్యాటరీ మార్చుకునేవాళ్ళం, దానికి ఐపీ67 ఉంది. మూత లోపల సన్నటి రబ్బరు అంచు, అచ్చం కుక్కర్ రబ్బరులాగే. 2022లో అదే కంపెనీ తెచ్చిన ఎక్స్‌కవర్ 6 ప్రోకి బ్యాటరీ ఊడదీయొచ్చు, ఐపీ68 కూడా ఉంది. అది అందమైన ఫోన్ కాదు, మందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కాకపోతే "అసాధ్యం" అనే మాట మాత్రం ఇక చెల్లదు. అది ఎంపిక. మా అమ్మ కుక్కర్ రబ్బరు సాగిపోతే స్టీలు సామాన్ల కొట్టుకెళ్ళి లీటర్ల సైజు చెప్పి కొత్తది తెచ్చుకుంటుంది. ఒత్తిడితో పనిచేసే, తేడా వస్తే పేలే వస్తువుకి సీల్ మార్చే పనిని దేశం మొత్తం వంటింటికి అప్పగించి దశాబ్దాలైంది. ఫోన్‌కి మాత్రం మనం అంత తెలివైనవాళ్ళం కాదంటారు.

యూరప్‌లో చట్టం కూడా ఇక్కడ ఒక తమాషా చేసింది. 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ నిబంధనల ప్రకారం ఫోన్ బ్యాటరీని మామూలు మనిషి మార్చుకోగలగాలి. కానీ ఒక మినహాయింపు ఉంది. బ్యాటరీ 500 సైకిల్స్ తర్వాత 83 శాతం, 1000 సైకిల్స్ తర్వాత 80 శాతం నిలబెట్టుకుని, ఫోన్ దుమ్ము చొరకుండా, 1 మీటర్ నీళ్ళలో 30 నిమిషాలు తట్టుకుంటే ఆ షరతు వర్తించదు. ఎక్కువకాలం నిలిచే బ్యాటరీ మంచిదే. కానీ దీంతో వాటర్‌ప్రూఫ్ అన్నది ఫోన్‌ని మూసేసి ఉంచడానికి చట్టబద్ధమైన కారణమైపోయింది. ఆ 1 మీటర్, 30 నిమిషాలు వెయ్యో సైకిల్ నాటికి ఇంకా మిగిలుందా అని యజమాని చూసుకునే మార్గం ఉండాలని షరతు పెడితే నాకు అభ్యంతరం ఉండేది కాదు.

అలాంటి మార్గం కష్టం అనుకుంటారేమో. సాఫ్ట్‌వేర్ వాడిగా నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే. చాలా ఫ్లాగ్‌షిప్ ఫోన్లలో బారోమీటర్ ఉంటుంది, గాలి ఒత్తిడి కొలిచే చిన్న సెన్సార్. అది ఉన్నది ఫోన్ పెట్టె లోపలే. సీల్ బాగున్న ఫోన్ స్క్రీన్ మధ్యలో బొటనవేలితో నొక్కితే లోపలి గాలి కాస్త కుంచించుకుని రీడింగ్ టక్కున పెరుగుతుంది. గాలి పోవడానికి కంపెనీలు పెట్టే పొర గుండా మెల్లగా మళ్ళీ మామూలుకి వస్తుంది. సీల్ ఊడిన ఫోన్‌లో నొక్కినా రీడింగ్ పెద్దగా కదలదు, సందుల్లోంచి గాలి పోతుంది. పరీక్షించే పద్ధతి వేరైనా, వాల్వ్‌కి నోరు పెట్టి పీల్చినంత సింపుల్. ఈ ఐడియాతో ఆండ్రాయిడ్‌లో ఒక ఇండిపెండెంట్ డెవలపర్ చేసిన యాప్ ఎప్పట్నుంచో ఉంది. ఆండ్రాయిడ్‌లో ప్రెజర్ సెన్సార్ చదవడానికి ప్రత్యేకమైన పర్మిషన్ కూడా అక్కర్లేదు, వీకెండ్‌లో రాసేసే కోడ్. బయటివాళ్ళు చేసిన యాప్‌కి ఒక చిక్కుంది. ఏ మోడల్‌లో ఎంత పెరిగితే బాగున్నట్టు అన్న కొలత వాళ్ళ దగ్గర ఉండదు, కంపెనీ దగ్గరే ఉంటుంది. ఫ్యాక్టరీలో గాలి ఒత్తిడితో లీక్ టెస్ట్ చేసే కంపెనీలకి అదేం కొత్త విద్య కాదు. బ్యాటరీ హెల్త్ సెట్టింగ్స్‌లో చూపిస్తున్నట్టు, సీల్ హెల్త్ కూడా ఎందుకు చూపించరు? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు రీడింగ్ దాచిపెట్టి, ఆరునెలలకోసారి నొక్కి చూడమంటే సరిపోతుంది. బారోమీటర్ లేని బడ్జెట్ ఫోన్ల సంగతి వేరు, లక్ష రూపాయల ఫోన్‌కి ఈ సాకు లేదు.

నా అనుమానం, చూపిస్తే ప్రశ్నలు మొదలవుతాయని. సీల్ హెల్త్ 40 శాతం అని ఫోనే చెప్తే, మరి కొత్త సీల్ వేయండి, ఎంతవుతుంది అని మనం అడుగుతాం. దానికి రేట్ కార్డ్ ఉండాలి, విడిభాగం ఉండాలి, మన ఊరి రిపేర్ షాపులో కుర్రాడికి ఆ జిగురు స్ట్రిప్ దొరకాలి. ఇప్పుడు అతను స్క్రీన్ మార్చి, ఏదో జిగురు పూసి, రబ్బర్ బ్యాండ్లు చుట్టి ఒక గంట పెట్టి ఇస్తున్నాడు. పని మంచిదే కావచ్చు. నీళ్ళు ఆగుతాయా లేదా అన్నది అతనికీ తెలియదు, మనకీ తెలియదు. ఫోన్‌లోనే టెస్ట్ ఉంటే కౌంటర్ మీదే తేలిపోతుంది.

రివ్యూలు రాసే మన వంతు కూడా కొంత ఉంది. నా వరకు నేను బకెట్ వీడియో మానేస్తున్నాను. దాని బదులు బారోమీటర్ ఉన్న ప్రతి ఫోన్‌నీ పెట్టె తీసిన రోజు నొక్కి రీడింగ్ రాసుకుంటాను, ఆరు నెలల తర్వాత అదే పీస్‌ని మళ్ళీ నొక్కుతాను. స్పెక్ టేబుల్‌లో ఐపీ రేటింగ్ గడి పక్కన ఇంకో గడి పెడుతున్నాను, సీల్ మళ్ళీ వేయించుకోవడానికి కంపెనీ సర్వీస్ సెంటర్ చెప్పే ధర, వేశాక లీక్ టెస్ట్ చేసి రాతపూర్వకంగా ఇస్తారా లేదా అన్నది. ఇప్పటికి ఆ గడి చాలా ఫోన్లకి ఖాళీగానే ఉండబోతోంది. ఖాళీగానే ప్రింట్ చేస్తాను. మీ దగ్గర బారోమీటర్ ఉన్న ఫోన్ ఉంటే మీరూ ఒకసారి స్క్రీన్ నొక్కి చూడండి, మోడల్, ఎన్ని నెలలు వాడారు, ఎప్పుడైనా విప్పించారా, రీడింగ్ ఎంత పెరిగింది, ఈ నాలుగూ రాసి పంపండి. తగినన్ని వస్తే మోడల్ వారీగా ఒక టేబుల్ చేసి ఇక్కడే పెడతాను.